ముందు పెట్టె: బస్తాకు చోటు, బండికి బరువు

(మార్కాపురంలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి వెలిగొండ నీళ్ల గురించి, కంది ధర గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. తీర్మానాలు కూడా చేసుకున్నాం. భోజనాలయ్యాక ఒక ఇనప పెట్టె గురించి చెప్పమని మమ్మల్ని నిలబెట్టారు. ఇన్ని పెద్ద సమస్యలుండగా ఈ పెట్టె గోలేందయ్యా అని వెనక వరసలో ఒకాయన అననే అన్నాడు. అడగాల్సిన మాటే. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు నీళ్లు మన చేనికి రావాలంటే పాలకుల మెడ వంచాలి. గిట్టుబాటు ధర రావాలన్నా అంతే. ఈ పెట్టెకు మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. మన ఊరి వెల్డింగ్ షాపులో రెండు రోజుల పని. అదీగాక మడ్‌గార్డు మీద నుంచి జారి పెద్ద చక్రం కింద పడ్డ మనిషి ఏ తీర్మానంతోనూ లేచి రాడు.

మన పడమటి ప్రకాశం సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఊరు ఒక చోట, చేను ఒక చోట. దోర్నాల, అర్ధవీడు వైపు చేలు నల్లమల అంచుల్లో ఉంటాయి. కొమరోలు, రాచర్ల వైపు వంకలు దాటి, రాళ్ల బాట పట్టి పోవాలి. ఒకే రైతుకు మూడు చోట్ల మూడు చెక్కలుంటాయి. ఎద్దుల బండి కాలంలో ఈ ఇబ్బంది లేదు. బండిలో గొర్రు, విత్తనం, ఎరువు, ఎద్దులకు చొప్ప, మనకు సద్ది అన్నీ వేసుకుని ఒక్క పోతతో పోయేవాళ్లం. ట్రాక్టర్ వచ్చాక పని వేగం పెరిగింది, మోసే చోటు పోయింది. వెనక ట్రాలీ తగిలిస్తే రోటోవేటర్ తగిలించలేం. రోటోవేటర్ తగిలిస్తే ట్రాలీ ఇంటి దగ్గరే ఉంటుంది. మరి రెండు బస్తాల డీఏపీ, డీజిల్ క్యాను, పానాలు, గొలుసు, మంచినీళ్ల బిందె ఎక్కడ పెట్టాలి?

ఎక్కడ పెడుతున్నామో మనకు తెలుసు. ఒక బస్తా ఎడమ మడ్‌గార్డు మీద, దాని మీద ఒక మనిషి. డీజిల్ క్యాను డ్రైవర్ కాళ్ల దగ్గర. అది దొర్లి బ్రేకు పెడలు కిందికి పోతే ఆ పూట ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కొందరు బస్తాలు రోటోవేటర్ డెక్కు మీదే వేసుకుంటారు. గుంతల్లో అది ఎగిరెగిరి పడి రేకు వంగుతుంది, బస్తా చినిగి సగం యూరియా బాటకు పోతుంది. ఇంకొందరు ట్రాక్టర్ వెనకే మోటారు సైకిల్ మీద రెండు బస్తాలు వేసుకుని వస్తారు. పెట్రోలు ఖర్చు అదనం, ఒక మనిషి కూలి అదనం. కౌలు రైతు కష్టం ఇంకో రకం. ట్రాక్టర్ గంటల లెక్కన బాడుగకు తెచ్చుకుంటాడు. విత్తనం మర్చిపోయో, బోల్టు తెగి పానా లేకో బండి గట్టున నిలబడితే ఆ గంట కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది.

అందుకే ముందు పెట్టె. బానెట్టు ముందు, బంపర్ ఉండే చోట, బోల్టులతో బిగించే ఒక తొట్టి. మేము చేయించినది బయట వేప చెట్టు కింద ట్రాక్టర్‌కు బిగించి ఉంది. సభ అయ్యాక అందరూ చూడండి, కదిలించి చూడండి, వంకలు పెట్టండి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. యూరప్ దేశాల్లో ముందు వైపు కూడా మూడు పాయింట్ల లింకేజీ ఉన్న ట్రాక్టర్లు మామూలే. వాళ్లు ముందు ఒక పెట్టె, వెనక ఒక పనిముట్టు తగిలించుకుని పోతారు. వెనక ఉన్న మన మూడు పాయింట్ల లింకేజీ కూడా హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు మనిషి 1920లలో రూపొందించిందే. మాస్సీ ఫెర్గూసన్ బండి మీద ఆయన పేరు ఇప్పటికీ మోస్తున్నాం. ఆ రోజుల్లో నాగలి రాయికో మొద్దుకో తట్టుకుంటే ట్రాక్టర్ ముందు భాగం లేచి డ్రైవర్ మీదే తిరగబడేది. ఆ తిరగబాటును తప్పించడం కూడా ఆయన చూసుకున్న పనుల్లో ఒకటి. వంద ఏళ్లయినా ముందు లేవడం అనే జబ్బు పూర్తిగా పోలేదు. మన పెట్టె రెండో ఉపయోగం అక్కడే ఉంది.

దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. పెద్దవాళ్లకు ఏతం గుర్తుంటుంది. నిలువు కంబం మీద అడ్డంగా దూలం, ఒక చివర బాన. దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన లేచేది, దిగేది. మనిషి బరువు మారలేదు, కంబానికి ఎంత దూరంలో నిలబడ్డాడన్నదే మారింది. ట్రాక్టర్‌లో వెనక ఇరుసు ఆ కంబం లాంటిది. ఇరుసుకు వెనక వేలాడే రోటోవేటర్ ముందు చక్రాలను పైకి లేపుతుంది. ముందు పెట్టిన బరువు వాటిని కిందికి దించుతుంది.

45 హార్స్‌పవర్ బండి ఒకటి తీసుకుందాం. బరువు సుమారు 1,900 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 750 దాకా పడుతుందనుకోండి. రెండు ఇరుసుల మధ్య దూరం ఆరున్నర అడుగులు. వెనక 450 కిలోల రోటోవేటర్, దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకు 4 అడుగుల దూరంలో. లిఫ్టుతో పైకి ఎత్తినప్పుడు ముందు చక్రాల మీద ఎంత బరువు తగ్గుతుంది? 450ని 4తో గుణించి ఆరున్నరతో భాగించండి. సుమారు 277 కిలోలు. అంటే 750లో 473 మిగిలింది. ఇది ఫరవాలేదు. ముందు ఇరుసు మీద బండి బరువులో కనీసం ఐదో వంతు, అంటే మన బండికి 380 కిలోలు, ఉంటే స్టీరింగ్ మాట వింటుందని ఒక మోటు లెక్క ఉంది.

ఇప్పుడు మిరప తోటకు మందు కొట్టే స్ప్రేయర్ తగిలించండి. 600 లీటర్ల ట్యాంకు, ఫ్రేము, పంపు కలిసి 800 కిలోలు. అదే లెక్క వేస్తే ముందు చక్రాలు 492 కిలోలు పోగొట్టుకుంటాయి. మిగిలేది 258. 380 ఉండాల్సిన చోట 258! గట్టు ఎక్కేటప్పుడు, వంక దాటి పైకి వచ్చేటప్పుడు స్టీరింగ్ తిప్పితే చక్రం తిరుగుతుంది, బండి మాత్రం నేరుగా పోతుంది. ఇది తర్లుపాడు, యర్రగొండపాలెం మిరప రైతులకు చేతులతో తెలిసిన సంగతే, మేము అంకెల్లో చెబుతున్నామంతే.

పెట్టె బిగించాక చూడండి. పెట్టె 90 కిలోలు, లోపల సరుకు 110 కిలోలు, మొత్తం 200. పెట్టె మధ్య భాగం ముందు ఇరుసుకు 3 అడుగులు ముందుంటుంది, అంటే వెనక ఇరుసు నుంచి తొమ్మిదిన్నర అడుగులు. 200ని తొమ్మిదిన్నరతో గుణించి ఆరున్నరతో భాగిస్తే 292. మనం పెట్టింది 200 కిలోలే, ముందు చక్రాల మీద పడింది 292. ఆ అదనపు 92 వెనక చక్రాల నుంచి వచ్చింది. స్ప్రేయర్ తీసేసుకున్న 492లో ఇది సగానికి పైగా తిరిగి ఇచ్చింది, 258 కాస్తా 550 అయింది. కంపెనీ అమ్మే ఇనప దిమ్మెలు చేసే పని కూడా ఇదే. దిమ్మెలో బస్తా పట్టదు, అదొక్కటే తేడా.

ఈ లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. ఆ 92 కిలోలు వెనక చక్రాల నుంచి పోయాయి కదా. మన ట్రాక్టర్లకు బ్రేకులుండేది వెనక చక్రాలకే. వెనక పనిముట్టు ఏమీ లేకుండా, ముందు పెట్టె నిండా వేసుకుని దిగుడు బాటలో వస్తే బ్రేకు పట్టు తగ్గుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాట్‌లోనో, దోర్నాల నుంచి శ్రీశైలం వైపో అట్లా పోకండి. వెనక బరువు లేని రోజు పెట్టె ఖాళీగా ఉండాలి, లేదా విప్పి ఇంట్లో పెట్టాలి. కంభం చెరువు కింద వరి పెట్టే అన్నలకు కూడా ఒక మాట: దమ్ము చేసేటప్పుడు పెట్టె తీసేయండి. బురదలో ముందు చక్రాలకు అదనపు బరువు పెడితే దిగబడిపోతాయి. ముందు దిమ్మెలు ఉన్న బండి అయితే దిమ్మెలూ పెట్టే రెండూ కలిపి మోయించొద్దు, దిమ్మెలు తీసి పెట్టె బిగించండి.

ఇక తయారీ. కొలత దగ్గరే అందరూ ఆశకు పోతారు. మేము చెప్పేది నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, అడుగుంపావు ఎత్తు. దీంట్లో రెండు ఎరువు బస్తాలు పక్కపక్కన పడుకుంటాయి, మిగతా చోట్లో పానాల డబ్బా, గొలుసు, డీజిల్ క్యాను ఇముడుతాయి. ఇంకో అడుగు పెంచితే ఏం పోయింది అంటారు. పెంచితే నాలుగు బస్తాలు వేస్తారు. నాలుగు పట్టే చోట రెండే వేసి ఊరుకునే రైతును మేము ఇంతవరకు చూడలేదు! ముందు ఇరుసు, హబ్బు బేరింగులు, కింగ్‌పిన్నులు, ఆ చిన్న టైర్లు దేనికి తయారయ్యాయో దానికే తయారయ్యాయి. పెట్టె కొలతే కాపలా మనిషిలా పని చేయాలి.

అడుగున 3 మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు. పక్కలకు 2 మిల్లీమీటర్ల రేకు, షాపులో 14 గేజి అంటారు. పైనా కిందా చుట్టూ, నాలుగు మూలలా 40 బై 40, 5 మిల్లీమీటర్ల మందం యాంగిలర్. ట్రాక్టర్‌కు తగిలించే రెండు చేతులకు 75 చానల్. రేట్లు చెప్పమంటారు. ఇనుము ధర నెలకో రకంగా ఉంటుంది, మేము చెప్పిన రూపాయలు ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి తప్పవుతాయి. కిలోలు మారవు కాబట్టి అవి రాసుకోండి. చెకర్ ప్లేటు సుమారు 17 కిలోలు, పక్క రేకులు 23, యాంగిలర్ 26, చానలూ ప్లేట్లూ బోల్టులూ కలిపి 20 చిల్లర. మొత్తం 85 నుంచి 90 మధ్య. షాపుకు పోయి "పెట్టె ఎంతకు చేస్తావ్?" అని అడగొద్దు. ఇనుము మన ముందర తూకం వేయించండి, కూలి వేరుగా మాట్లాడండి, మిగిలిన ముక్కలు మనవే అని ముందే చెప్పండి.

ఇక్కడే ఒక మాట అనుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. విడిభాగాలకూ టైర్లకూ 18 నుంచి 5కు తగ్గించారు. బాగానే ఉంది. కానీ రైతు కొనే రేకు మీద, యాంగిలర్ మీద 18 శాతం అట్లాగే ఉంది. కంపెనీ బంపర్ కొంటే ఒక పన్ను, మన ఊరి వెల్డరు చేత చేయించుకుంటే ఇంకో పన్ను. ఊళ్లో తయారయ్యే పనిముట్టుకు ఆ తేడా ఎందుకుండాలని మనం అడగాలి. యాంత్రీకరణ సబ్సిడీలు రోటోవేటర్ల దగ్గరే ఆగకుండా ఇట్లాంటి చిన్న పనిముట్లకూ, వాటిని చేసే ఊరి షాపులకూ అందాలని కూడా అడగాలి. మార్కాపురం అంటే పలకలు. రాతిని పలచగా చీల్చి దేశమంతా పిల్లల చేతుల్లో పెట్టిన ఊరికి ఒక రేకు పెట్టె చేయడం పెద్ద విద్యా?

సరే, బిగింపు దగ్గరికి వద్దాం. ఈ పనిలో ప్రాణం ఇక్కడే ఉంది, తక్కినది ఏ షాపులో అయినా బాగానే చేస్తారు. ముందు ఇరుసును పట్టుకుని ఉండే లావుపాటి పోత దిమ్మె ఒకటి ఉంటుంది, ఫ్రంట్ సపోర్టు అంటారు. బంపర్, దిమ్మెలు తగిలించడానికి దానికి కంపెనీ వాళ్లే మరలున్న రంధ్రాలు ఇస్తారు. మన చానల్ చేతులు ఆ రంధ్రాలకే రావాలి. అది పోత ఇనుము. దాని మీద వెల్డింగ్ పెడితే అతుకు పైకి బాగానే కనపడుతుంది, వేడికి పక్కన సన్నగా పగులు తీస్తుంది. నెలకో రెండు నెలలకో రాళ్ల బాటలో ఊడుతుంది. కొత్త రంధ్రాలు తొలవడం కూడా వద్దు. వారంటీ ఉన్న బండి అయితే రేపు ఏది చెడినా ఆ రంధ్రాన్నే చూపిస్తారు. అసలు ఇరుసు దూలానికి కూడా పెట్టె కట్టకూడదు. అది మధ్యలో పిన్ను మీద అటూ ఇటూ ఊగాలి, గుంతలో ఒక చక్రం దిగితే బండి నిలిచేది ఆ ఊగుడు వల్లే. పెట్టె దాన్ని ఆపితే బండి ఒరుగుతుంది. జాలీకి, బానెట్టుకు ఆనించడం గురించి చెప్పనే అక్కర్లేదు.

బోల్టులు మీ బండి రంధ్రానికి సరిపోయేవే, తల మీద 8.8 అని అచ్చు ఉన్నవి తీసుకోండి. పాత సామాను కొట్లో దొరికిన మెత్త బోల్టు నాలుగు రోజులకు సాగుతుంది. స్ప్రింగ్ వాచరు, లాక్ నట్టు వేయండి. చానల్ చేతికి కింద నుంచి ఏటవాలుగా ఒక ఊతం పెట్టించండి, గోడకు కొట్టిన పలకకు కింద ముక్కోణం పెట్టినట్టు. మొదటి పది గంటల పని అయ్యాక అన్ని నట్లూ మళ్లీ బిగించాలి. కొత్త ఇనుము సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది.

పెట్టెకూ జాలీకీ మధ్య కనీసం చెయ్యి దూరి రేడియేటర్ తుడిచేంత సందు ఉండాలి. జాలీ వైపు ఉండే పెట్టె గోడ నిండు రేకుతో చేయించకండి, గట్టి జల్లెడ రేకు పెట్టించండి. మే నెలలో మన ఎండకు, దున్నుడు దుమ్ముకు రేడియేటర్‌కు గాలి ఆడకపోతే ఇంజన్ ఉడుకుతుంది. ఖాళీ యూరియా సంచులు పెట్టెలో వదిలేస్తే అవి లేచి జాలీకి అతుక్కుంటాయి, అది కూడా చూసుకోవాలి. బానెట్టు పూర్తిగా లేస్తుందా, హెడ్‌లైట్లు, నంబరు ప్లేటు కనిపిస్తున్నాయా అన్నది కొలతలు తీసేటప్పుడే చూడాలి, పెట్టె అయ్యాక చూస్తే మళ్లీ కోయాలి. అడుగు భాగం నేల నుంచి రెండడుగులు తగ్గకుండా ఉంటే గట్లు దాటేటప్పుడు మట్టికి తగలదు.

వెల్డింగ్ అంతా పెట్టెను కింద పెట్టి చేయించండి. బండికి బిగించి ఉండగా ఒక్క టాకా వేయాల్సి వచ్చినా బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాకే. లేకపోతే ఆల్టర్నేటర్ కాలిపోతుంది. పై అంచు యాంగిలర్ వాదరలు గ్రైండర్‌తో నున్నగా కొట్టించండి, బస్తాలు చిరగవు, చేతులు తెగవు. అడుగున నాలుగు రంధ్రాలు పెడితే వాన నీళ్లు నిలవవు. యూరియా, డీఏపీ ఇనుమును తినేస్తాయి. లోపల వేప చెక్కలు పరిచి, ఎరువు మోసిన రోజు నీళ్లతో కడిగి ఆరబెడితే పెట్టె పదేళ్లు ఉంటుంది. రెడ్ ఆక్సైడ్ మీద మీకు నచ్చిన రంగు వేయండి. ముందు తెల్ల రిఫ్లెక్టర్ స్టిక్కర్లు మాత్రం మరవకండి, ఒంగోలు రోడ్డు మీద రాత్రిపూట లారీ డ్రైవర్‌కు మన పెట్టె కనపడాలి.

పురుగుమందు విషయం. మిరపకు, పత్తికి కొట్టే మందు డబ్బాలు పెట్టెలో ఒక మూల మూత ఉన్న చిన్న అర చేయించి అందులోనే పెట్టాలి. సద్ది క్యారియర్, మంచినీళ్లు ఈ పెట్టెలోకి ఎప్పటికీ రాకూడదు. మూత గట్టిగా ఉంది కదా అనుకోవద్దు. కుదుపులకు డబ్బా కారుతుంది, అది అన్నానికి తగిలిందో లేదో కంటికి తెలియదు. నీళ్ల బిందెకు సీటు పక్కన ఒక కొక్కెం పెట్టుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకుందాం. 1988 మోటారు వాహనాల చట్టం 2(44)వ సెక్షన్‌లో ట్రాక్టర్ అంటే తనంతట తాను సరుకు మోయడానికి తయారు చేయని బండి అని రాసి ఉంది. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే మేము మొదటి నుంచి బోల్టు, విప్పడం అంటున్నాం. రోటోవేటర్ తగిలించినట్టే ఇదీ పని కోసం తగిలించి, పని కాగానే విప్పి పెట్టే పనిముట్టుగానే ఉండాలి. బండికి శాశ్వతంగా అతికించకండి. దాంట్లో బాడుగ సరుకు వేసి రోడ్డు మీద తిరగొద్దు, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు వెతికేది అట్లాంటి సాకే.

ఒక అక్క ఇందాక లేచి అడిగింది: "బస్తాలు ముందుకు పోతే మడ్‌గార్డు ఖాళీ అవుతుంది కదా, ఇక మేం కూలోళ్లం సుఖంగా కూసోవచ్చా?" సభ నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ అక్కకు అడిగే హక్కు ఉంది, ఎందుకంటే ఐదు కిలోమీటర్లు ఎండలో నడిచేది ఆమే. అయినా జవాబు కూర్చోకూడదనే. డ్రైవర్ సీటు తప్ప ట్రాక్టర్ మీద ఇంకో మనిషికి చోటు లేదు, బీమా కూడా సాధారణంగా వర్తించదు. కూలీలను తీసుకుపోవడానికి ఆటో మాట్లాడే ఖర్చు రైతు మీద పడుతుంది, ఈ రేట్లకు ఆ రైతు మోయలేడు, అది నిజం. ఈ చిక్కుకు పెట్టెలో జవాబు లేదు. ఉపాధి పనికైనా, పొలం పనికైనా కూలీల రవాణా ఎవరు చూడాలన్నది వచ్చే నెల కమిటీలో మొదటి అంశంగా పెట్టాం. ఆ అక్కను రమ్మని పిలుస్తున్నాం.

పెట్టెలోకి మనిషి ఎక్కడం ఇంకా ప్రమాదం. మడ్‌గార్డు మీద నుంచి పడితే పక్కకు పడే అవకాశమైనా ఉంది. ముందు పెట్టె నుంచి పడితే ముందు చక్రం, దాని వెనకే పెద్ద చక్రం. పిల్లలకు అది ఉయ్యాలలా కనిపిస్తుంది, ఎక్కుతామని ఏడుస్తారు. ఊళ్లో బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఎక్కనివ్వకండి, అలవాటు అక్కడే పడుతుంది. ఇంకోటి, సీట్లో కూర్చున్నవాడికి పెట్టె ముందర కొంత నేల కనపడదు. మీ బండికి ఎంత కనపడదో కొలుచుకోండి. ఒకరు సీట్లో కూర్చోండి, ఇంకొకరు రెండడుగుల కర్ర నిలబెట్టి పెట్టెకు ఎదురుగా వెనక్కి జరుగుతూ పోండి. కర్ర కొన కనపడే చోట గీత గీయండి. ఆ గీతకూ పెట్టెకూ మధ్య కూర్చుని ఆడుకునే పిల్లవాడు డ్రైవర్‌కు కనపడడు. బండి తీసే ముందు దిగి ఒకసారి ముందుకు వచ్చి చూడాల్సిందే.

మీ బండి అసలు బరువు, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఎంత అన్నది తెలుసుకోవడం కష్టమేం కాదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో అవన్నీ ఉంటాయి, డీలరును అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే వేబ్రిడ్జి ఉంది. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఒక తూకం. మన పిల్లల్లో యంత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లుంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపండి. ఊరికొక్కరు నేర్చుకుని వచ్చినా ఈ లెక్కలు చెప్పడానికి మా అవసరం ఉండదు.

ఇప్పుడు అందరం చెట్టు కిందికి పోదాం. అక్కడ రెండు ఇసుక బస్తాలు పెట్టాం, ఒక్కోటి 50 కిలోలు. ముందుగా వెనక రోటోవేటర్ ఎత్తి, పెట్టె ఖాళీగా ఉండగా ఎవరైనా ఒకరు స్టీరింగ్ తిప్పి చూడండి. తర్వాత బస్తాలు వేసి మళ్లీ తిప్పండి. పవర్ స్టీరింగ్ లేని బండి ఉన్న అన్నలు ఈ రెండోసారి తిప్పడం తప్పకుండా చేయండి, బరువు తేడా మీ భుజానికే తెలుస్తుంది. ముందు టైర్లలో గాలి మీ బండి పుస్తకంలో రాసినంత ఉందో లేదో, కింగ్‌పిన్నులకు గ్రీజు ఎక్కుతోందో లేదో చూడటానికి గేజి, గ్రీజు గన్ను కూడా తెచ్చాం. కొలతల కాగితాలు బల్ల మీద ఉన్నాయి, ఇంటికొకటి తీసుకోండి. వెల్డింగ్ షాపు వాళ్లు ముగ్గురు వచ్చారు, అడగాల్సినవి వాళ్లనే అడగండి.